ఏడిస్తే పాలు లేనట్టేనా, వదినె?

ఓ వదినె! జర ఆగు. పిలగాన్ని మెడికల్ షాపుకు తోలుతున్నవా? పాల డబ్బాకేనా? ఆ పైసలు జేబుల్నే ఉంచుకొమ్మను. నువ్వు గోడకాడికి రా, బుడ్డోన్ని ఎత్తుకొని నీ బిడ్డను గూడ రమ్మను. పొయ్యి మీద ఏమన్నుంటే మంట తగ్గించి రా. నా పప్పు ఉడికింది, నాకేం తొందర లేదు.

రాత్రి ఏడుపు నాకు ఇనొచ్చింది. మన శాలిబండ గల్లీల ఇండ్లు ఎట్లుంటయో ఎర్కే గద, ఒకింట్ల పోపు వెడితే నాలుగిండ్ల తుమ్ముతరు. దీపాలు పెట్టే యాళ్లకు మొదలువెట్టి తొమ్మిదిదాంక ఏడ్సిండు. వాని ఏడుపుతోటి మీ మాటలు గూడ ఇనొచ్చినయి. "దీనికి పాలు లేవు" అని నువ్వంటివి. "ఉన్నా పలుచగుండొచ్చు" అని ఇంకెవరో అన్నరు. పొద్దుగాల పనామె గూడ గదే పాట. బిడ్డ మొఖం సూడు, ఎట్ల వాడిపోయిందో.

ఏంది బిడ్డా, నువ్వు చెప్పు. ఏం జేస్తుండు వాడు?

"నోట్ల వెట్టంగనే నాలుగు గుక్కలు తాగుతడు అత్తమ్మా. గంతే, ఇడ్సిపెట్టి ఒళ్లంత ఎనకకు ఇరుసుకొని ఒర్రుతడు. మల్ల పెడితే మల్ల గట్లనే. రాత్రికి నా రొమ్ములు గూడ మెత్తగైతున్నయి. పాలు అయిపోయినయేమో అని..."

సరే. అంగన్‌వాడీల అన్నేండ్లు చేసిన దాన్ని, ఈ మాట ఎంతమంది బాలింతల నోట ఇన్ననో. అందరినీ ముందుగాల అడిగేది ఒక్కటే. రోజుకు ఎన్ని లంగోటీలు తడుపుతుండు? ఎనిమిది, తొమ్మిదా? మంచిది. ఆరుకు తగ్గకపోతే పాలు సరిపోతున్నట్టే. ఇగ రెండోది బరువు. పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు, మొన్న ఆరువారాల సూదికి పోయినప్పుడు 3 కిలోల 900. వదినె, లెక్క నువ్వే కట్టు. పుట్టిన కొత్తల పిల్లలు జర తగ్గుతరు, రెండు వారాలల్ల ఆ బరువు మల్ల వస్తది. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే సాలు. నీ మనుమడు కిలో పైన పెరిగిండు. దవాఖానల తొలి రెండు దినాలు పట్టిన సీసా తప్పితే, నీళ్లు గూడ పోయకుండ, పైపాలు పట్టకుండ, ఉత్త తల్లిపాల మీదనే పెరిగిండు. పాలు లేకపోతే ఆ కండ ఎక్కడికెల్లి వచ్చింది?

లంగోటీ, తూకం రెండూ మంచిగ చెప్పినంక ఏడుపు మాట పట్టుకొని డబ్బా కొనొద్దు. ఏడుపుకు వేరే కారణం ఉంటది. అది దేవులాడుదాం.

బిడ్డా, ఈ గోడ నీడకు కూసొని పట్టు. నేను ఈ పక్కకెల్లి సూస్త. మగోళ్లెవ్వరు లేరు, కొంగు కప్పుకో.

ఆఁ, సూసినవా? నువ్వు ముందుకు ఒంగి రొమ్మును వాని నోటికాడికి తీస్కపోతున్నవ్. గట్ల చేస్తే నీ నడుము పోతది, వానికి మొన ఒక్కటే అందుతది. వాన్నే నీకాడికి తెచ్చుకోవాలె. వాని కడుపు నీ కడుపుకు ఆనాలె. చెవి, బుజం, తుంటి ఒక్క వరుసల ఉండాలె, మెడ పక్కకు తిరగొద్దు. తిరిగితే మనం గూడ మింగలేం గద. ముక్కు మొనకు ఎదురుంగ పెట్టు. పెదవికి తాకించి ఆగు. ఆవులించినంత నోరు తెరుస్తడు. ఆఁ, ఇప్పుడు దగ్గరికి గుంజు. గదువ ముందుగాల ఆనాలె, కింది పెదవి బయటికి మడిసి ఉండాలె. మొన సుట్టున్న నలుపు పైదిక్కు ఎక్కువ, కిందిదిక్కు తక్కువ కనవడాలె. నొప్పున్నదా? లేదు గద. గదే గురుతు.

ఇగ సప్పుడు ఇను. ముందు గబగబ చీకుతడు. పాలు చేపుకొచ్చినంక నెమ్మదిస్తడు, చీకి మింగుతడు, ఊపిరి దీసుకుంటడు. ఇనొస్తుందా గుటక... అయ్యో, దగ్గిండు! ఇడ్సిపెట్టిండు! ఇరుసుకుంటుండు! వదినె, జల్ది ఇటు సూడు, వాని సెంప సూడు. పాలు సర్రున చిమ్మి చెవిదాంక కారుతున్నయి. పాలు లేవన్నది ఈమెకేనా?

వాని బాధ పాలు తక్కువయి గాదు, ధార జోరుగుండి. నెలన్నర పిల్లగాడు, అంత జోరు ఎట్ల మింగుతడు? మింగలేక దగ్గుతడు, భయపడి ఇడుస్తడు, గాలి మింగుతడు, ఆ గాలి కడుపుల చేరి మల్ల ఏడుస్తడు. దీనికి మందులేం వద్దు. పాలు చేపుకొచ్చినప్పుడు వాన్ని పక్కకు దీసి, ఆ తొలి ధార ఒక గుడ్డల పోనీయి. జోరు తగ్గినంక మల్ల పట్టు. లేకుంటే నువ్వు దిండ్ల మీద ఎనకకు వాలు, వాన్ని నీ ఎద మీద బోర్ల పడుకోబెట్టు. అప్పుడు పాలు పైకి ఎక్కాలె గావట్టి ధార తగ్గుతది, ఎక్కువైతే నోటి పక్కకెల్లి కారిపోతది. ఒక దిక్కు బాగ తాగినంకనే రెండో దిక్కు మార్చు. నడుమ నడుమ బుజం మీద ఏసుకొని ఈపు నిమురు, తేన్పు రానీ.

కొందరికి దీనికి ఉల్టా ఉంటది. పాలు చేపుకు రానీకి ఆలస్యమైతది, పిల్లకు ఓపిక ఉండది, ఏడుస్తది. అట్లాంటప్పుడు తాగేముందు రొమ్మును చేత్తోటి నెమ్మదిగ పిసికి నాలుగు చుక్కలు రప్పించాలె. చీకుతున్నప్పుడు మెల్లగ ఒత్తిపట్టాలె. ఇంకో మాట యాదికుంచుకో వదినె. తల్లి భయపడ్డా, ఏడ్సినా, నొప్పున్నా చేపు ఆగుతది. పాలు లోపల ఉంటయి, బయటికి రావు. "పాలు లేవు" అని నలుగురు నెత్తి మీద నిలబడి అంటుంటే, ఉన్న పాలు గూడ దిగవు. నిన్నేమన్న అంటున్ననని బాధపడకు. నీకు మనుమని మీద పాణం, నాకెర్కే.

ఇగ సాయంత్రం లొల్లి సంగతి. అది నీ మనుమడు ఒక్కనిదే గాదు. పిల్లలు పుట్టిన రెండో వారం నుంచి ఏడుపు పెంచుకుంట వస్తరు, ఆరోవారానికి బాగ ఏడుస్తరు, మూడు నాలుగు నెలలకు తగ్గుతది. పొద్దుగూకినంకనే ఎక్కువ. గప్పుడు గంటకోసారి, అరగంటకోసారి పాలకే ఎగబడతరు. మనకు కడుపు నిండుతలేదేమో అనిపిస్తది. గాని వాడు ఎంత తాగితే అన్ని పాలు ఊరుతయి. రొమ్ము నిండి అట్లనే ఉంటే, ఇగ సాలు అని ఒళ్లే పాలు తగ్గించుకుంటది. ఖాళీ అయిన కొద్దీ మల్ల తయారు చేస్తది. రొమ్ము మెత్తగైందని బుగులు వడకు బిడ్డా. నెలన్నరకు ఒళ్లు లెక్క నేర్చుకొని, వానికి ఎన్ని కావాలెనో అన్నే చేస్తది. రాత్రి తాగించుడు మానకు, పాలు ఊరించే హార్మోను రాత్రిపూటనే ఎక్కువుంటది.

ఏడ్సేదాంక ఆగొద్దు గూడ. ఏడుపు ఆకలికి ఆఖరి గురుతు. ముందు తల అటిటు తిప్పుతడు, చేయి నోట్ల పెట్టుకుంటడు, పెదవులు చప్పరిస్తడు. గప్పుడే పట్టాలె. ఒర్రుడు మొదలైనంక పాలు నోట్ల కుక్కితే పట్టడు. ముందు సల్లవరచు. అంగీ తీసి నీ ఒంటికి ఒళ్లు ఆనిచ్చి పడుకోబెట్టు, మసక రూముల అటిటు తిరుగు. జర నెమ్మదించినంక పట్టు.

"మొన్న సూది ఏసినకాడికెల్లి ఎక్కువైంది అత్తమ్మా" అంటున్నవా? అయితది మరి. తొడకు నొప్పి ఉంటది, ఒకటి రెండు రోజులు ఒళ్లు ఎచ్చగైతది. ఆ తొడ నీ చేతికి ఒత్తుకోకుండ పట్టుకో. చంక కింద పట్టుకుంటవా, పక్కకు ఒరిగి పడుకొని ఇస్తవా, నీ ఇష్టం. పదో వారం సూదికి పోయినప్పుడు, సూది ఏస్తుంటెనే పాలు పట్టు. నొప్పి తక్కువ తెలుస్తది.

తానం పోసే అవ్వ వస్తుంది గద మీ ఇంటికి. ముక్కుల్ల, చెవుల్ల నూనె పోస్తుందా? వద్దని చెప్పు వదినె, నేను గూడ చెప్తా. ఆ నూనె ఊపిరితిత్తులల్లకు దిగితే నిమోనియా అయితది. ముక్కు మూసుకపోయినా పిల్ల పాలు తాగలేదు, నోట్ల రొమ్ముంటే ముక్కుతోటే గద ఊపిరి దీసుకోవాలె. దానికి డాక్టరమ్మ చెప్పే ఉప్పునీళ్ల చుక్కలు ఉన్నయి, తాగేముందు ఒక్కో చుక్క ఏస్తే సాలు. ఇగ ఆ టోపి, సాక్సులు, మీద రెండు బొంతలు ఏంది? ఉక్కపోతకు మనమే తట్టుకుంటలేం. మనకంటె ఒక్క పొర ఎక్కువుంటే సాలు వానికి.

నిన్న చుడీబజారుకు పోయొచ్చి అత్తరు పూసుకున్నవా బిడ్డా? ఆఁ, గోడ ఈ పక్కకే గుమ్మంటుంది. కొన్ని దినాలు ఆపు. పుట్టిన వారంలోపే పిల్లలు తల్లి పాల వాసన గుర్తువడతరు, ఆ వాసన వచ్చే దిక్కుకు తల తిప్పుతరు. దాని మీద అత్తరు, పౌడరు కమ్మితే గాబర వడతరు. లాల్ దర్వాజ అమ్మోరి బోనాలు గూడ దగ్గరికొచ్చినయి. డప్పులు, పోతరాజులు, ఇంటినిండ చుట్టాలు. ఆ దినం వాన్ని చేతులు మార్చుకుంట ఎత్తుకోనియ్యకు. లోపలి రూముల తలుపు దగ్గరేసి, ఇద్దరే ఉండి తాగించు. సప్పుళ్లకు పాలు ఇడ్సిపెట్టుడు మూడు నాలుగు నెలలకు ఇంకా ఎక్కువైతది, ప్రతి సప్పుడుకు తల తిప్పి చూస్తడు.

తిండి తింటున్నవా? ఏంది, కారం లేని అన్నం, వెల్లుల్లిపొడి, గంతేనా? కూరగాయలు వద్దన్నరా? పథ్యం అని కడుపు మాడ్చుకోకు. పప్పు, ఆకుకూర, సోరకాయ, గుడ్డు, జొన్నరొట్టె, నువ్వులు, అన్నీ తిను. మెంతులు తింటే పాలు ఎక్కువైతయి అంటరు, తిను. గాని పాలు పెరిగేది పిల్లగాడు చీకితేనే. దూపైనప్పుడల్ల నీళ్లు తాగు, నీళ్లు తాగితే పిల్లకు జలుబైతది అనేది ఉత్త మాట. చాయ్ మాత్రం తగ్గించు. మన పాతబస్తీ చాయ్ చిక్కగుంటది, దినానికి రెండు కప్పులు దాటితే నీతోటి వాడు గూడ మేలుకుంటడు. అంగన్‌వాడీల పేరు రాయించినవా? 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నరు. అది మీ హక్కు, సిగ్గు పడకు.

ఓ ఖాలా, సలాం! మీరు గూడ ఇన్నరా? రండ్రి, రండ్రి. సూడు వదినె, ఖాలా గిన్నెల హరీరా తెచ్చింది. బాదం, నెయ్యి, గసగసాలు, మంచి బలం. ఖాలా, మీరు చెప్పండ్రి ఈ పొల్లకు.

"బేటీ, మా పెద్దమ్మాయి గూడ ఇట్లనే ఏడ్పించింది. నేను పసిపిల్లలకు నాకించే ఘుట్టీ పట్టలేదు, మా సాస్ కోపం చేసినా పట్టలేదు. ఖురాన్‌ల గూడ తల్లులు నిండ రెండేండ్లు పాలియ్యాలని ఉంది. అల్లా ఇచ్చినదాన్ని నమ్ముకో."

ఇన్నవా? ప్రపంచ ఆరోగ్య సంస్థ గూడ గదే చెప్తది. ఆరు నెలలు తల్లిపాలొక్కటే, ఆ తర్వాత అన్నం, పప్పు పెట్టుకుంట రెండేండ్లు, ఇంకా పైకి గూడ ఇయ్యొచ్చు. ఆరు నెలలదాంక ఘుట్టీ వద్దు, వస వద్దు, చక్కెర నీళ్లు వద్దు, ఎండకాలమైనా నీళ్లు గూడ వద్దు. తేనె ఏడాది నిండేదాంక నాకించొద్దు, దాంట్ల పసిపిల్లలకు విషమయ్యే క్రిములు ఉండొచ్చు. గ్రైపువాటరు గూడ వద్దు, అది ఎట్ల వచ్చిందో ఎర్కేనా? 1851ల ఇంగ్లండుల మొదలువెట్టిన్రు. అప్పుడు దాంట్ల సారా గూడ కలిపేటోళ్లు. ఇప్పుడు తీసేసినా, దానితోటి కడుపునొప్పి తగ్గుతదని నమ్మనీకి ఆధారం లేదు. చెంచ నీళ్లు పట్టినా చెంచ పాలు తక్కువ తాగుతడు, దానికితోడు క్రిములు.

డబ్బా సంగతి గూడ చెప్తా. "తల్లిపాలే మీ బిడ్డకు ఉత్తమం" అని ఆ డబ్బా మీదనే రాయాలని 1992ల చట్టం తెచ్చిన్రు. రెండేండ్లలోపు పిల్లల పాలపొడికి, సీసాకు ప్రచారం చేసుడు గూడ నేరమే. తల్లికి పెద్ద జబ్బున్నప్పుడు, బరువు నిజంగ పెరగనప్పుడు డాక్టరు రాసిస్తే అది మందు తీరుగ పనికొస్తది. అట్ల పట్టే తల్లిని ఎవ్వరు ఒక్క మాట అనొద్దు. గాని భయానికి పట్టుడు వేరే. సీసాల పాలు ఊరికెనే కారుతయి, రొమ్ముకాడ నోరు కష్టపెట్టాలె. ఆ సుఖం మరిగితే రొమ్ము పట్టుకోనీకి మారాం చేస్తడు. నీది పెద్దాపరేషన్ కాన్పు గద బిడ్డా, మొదటి రెండు దినాలు ఆ ప్రైవేటు దవాఖానల సీసా పట్టిన్రన్నవ్. మన తెలంగాణల 2019-21 సర్వే ప్రకారం నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. కుట్ల నొప్పి, మత్తు, పిల్లను దగ్గరికి తెచ్చుడు ఆలస్యం, గవన్నీ కలిసి మొదట్ల పాలు నిదానంగ వస్తయి. తప్పు నీది గాదు. వస్తయి, నీకు వచ్చినయి గూడ, నీ మనుమని సెంప సాక్ష్యం వదినె.

పాలు నిజంగ ఇయ్యలేని తల్లులకు గూడ మన ఊర్ల దారి ఉన్నది. రెడ్ హిల్స్‌ల నిలోఫర్ దవాఖాన ఉంది గద. నిజాం కోడలు నిలోఫర్ రాణి, ఆమెకు పిల్లలు లేరు. తన కాడ పనిచేసే పిల్ల కాన్పుల చనిపోతే ఆ దుఃఖంతోటి తల్లులకు, పిల్లలకు దవాఖాన కావాలని పట్టువట్టింది. 1953ల తెరిసిన్రు. ఆడనే 2017 నుంచి 'ధాత్రి' పాలబ్యాంకు నడుస్తుంది. ఎక్కువ పాలున్న తల్లులు ఇస్తరు, వాటిని పరీక్ష చేసి, కాచి, నెల తక్కువ పిల్లలకు పట్టిస్తరు. ఒకరి పాలు ఇంకొకరి బిడ్డ పాణం నిలుపుతున్నయి. తల్లిపాలు అంత విలువైనయి.

ఇగ ఇది మాత్రం ఇద్దరు మంచిగ ఇనున్రి. ఏడుపు అంత ఉత్తదే అని నేనంటలేను. జ్వరం 100.4 దాటినా, పాలు మొత్తమే తాగకుండ మత్తుగ పడున్నా, ఉచ్చ తగ్గినా, పచ్చగ కక్కినా, దొడ్డికి నెత్తురు పడ్డా, నిమిషానికి 60 సార్లు మించి ఊపిరి దీసినా, డొక్కలు ఎగిరినా, తెల్లారేదాంక ఆగొద్దు. 108కి ఫోన్ చేసి దవాఖానకు పోవాలె. నాలుక మీద, సెంపల లోపల తుడిస్తే పోని తెల్లమచ్చలుంటే డాక్టరుకు సూపించున్రి, అది నోటిపూత, తాగుతుంటే మంట వెడతది. నీకు రొమ్ముల ఎర్రగ గడ్డ కట్టి చలిజ్వరం వస్తే పేట్లబుర్జు ప్రసూతి దవాఖానకు పో బిడ్డా, గాని పాలిచ్చుడు ఆపకు, ఆపితే గడ్డ పెద్దగైతది. రాత్రిళ్లు ఊకె ఏడుపొచ్చి, దేని మీద మనసు లేక, వాన్ని సూడబుద్ధి గాకపోతే అది గూడ జబ్బే, దానికి గూడ మందున్నది. 14416కు ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడుతరు. నీకు ధైర్యం సాలకపోతే నేను చేసిస్త.

వదినె, మన గల్లీల ఎవలింట్ల కాన్పైనా మనం గోడమీదికెల్లి అడిగే మొదటి మాట "పాలు వడుతున్నయా?" అని. ఆ మాట ఇగ మానేద్దాం. బాలింతకు పరీక్ష పెట్టినట్టుంటది అది. "తిన్నవా, పండుకున్నవా, పిలగాన్ని జరసేపు నేను ఎత్తుకోనా?" అని అడుగుదాం. పాలు తాగినంక తేన్పు తెప్పించుడు నువ్వు చేయొచ్చు, అల్లుడొచ్చినప్పుడు అల్లుడు చేయొచ్చు. లంగోటీలు ఉతికే పని ఆమెకు పెట్టొద్దు. కూర నేను పంపిస్త, ఖాలా హరీరా ఇయ్యనే ఇచ్చింది. ఇయ్యాల సాయంత్రం ఆరుకే బిడ్డకు అన్నం పెట్టు, వాడు ఏడుపు అందుకునేలోపే ఆమె కడుపు నిండాలె. ఏడుపు మొదలైతే నన్ను పిలువు, నేనొచ్చి వాన్ని బుజమ్మీద ఏసుకుంట. రేపు పొద్దుగాల మల్ల లంగోటీలు లెక్కవెట్టుకుందాం, బుధవారం అంగన్‌వాడీకి తీస్కపోయి తూకమేసి కార్డుల గీత గీయిద్దాం. గీత పైకి పోతున్నంతసేపు ఎవ్వరి మాట ఇనకు బిడ్డా. నీకు పాలున్నయి.